చెవికి ఆనించిన టేకు కర్ర

మా నాన్న సంవత్సరీకానికి మొన్న ఊరు వెళ్లాను. సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెంలో బస్సు దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. అన్నయ్య వచ్చి తీసుకెళ్లాడు. కార్యక్రమం అయ్యింది, భోజనాలకు వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. సాయంత్రం అమ్మ కొంగు ముడి విప్పి తాళంచెవి నా చేతిలో పెట్టి, "సావిడి ఒకసారి చూసి రా. ఏడాదిగా ఎవరూ తీయలేదు" అంది.

నాన్న వడ్రంగం పని చేసిన సావిడి అది. తలుపు తోయగానే వాసన వచ్చింది. కొబ్బరినూనె, కర్పూరం, టేకు పొట్టు. మూడూ కలిసిపోయి, ఏది ఏదో విడదీయలేని ఒకే వాసన. గడప మీద అలాగే కూర్చుండిపోయాను.

కర్పూరం పూజకు కాదు. పనిముట్ల పెట్టె అడుగున నాన్న పాత ధోవతి గుడ్డలో నాలుగు బిళ్లలు మూటగట్టి పెట్టేవారు, ఇనుముకు తుప్పు పట్టకుండా. మూడు వైపులా నీళ్లున్న కోనసీమ గాలిలో ఇనుప వస్తువును వారం రోజులు మరిచిపోతే చాలు, గోధుమరంగు పొర కట్టేస్తుంది. కర్పూరం హరించుకుపోయిన కొద్దీ కొత్త బిళ్ల వేయాలి. పెట్టె తెరిచి చూశాను. మూట ఉంది, బిళ్లలు లేవు, వాసన మాత్రం మిగిలింది.

ఊళ్లో ఎవరిని అడిగినా నాన్న చేసిన తలుపుల గురించి చెబుతారు. మండువా లోగిళ్లకు ఎత్తిన గుమ్మాలు, ఉయ్యాల బల్లలు, బండి చక్రాలు. నాకు మాత్రం ఆయన కొయ్య కోస్తున్నట్టు గుర్తు రాదు. కోయడానికి ముందు చేసేదంతా గుర్తొస్తుంది. నూరడం, అరగదీయడం, విప్పి తుడిచి మళ్లీ బిగించడం, నూనె రాయడం. ఏ ఇంటివాళ్లూ ఆ పనికి కూలి కట్టరు. అయినా ఆయన రోజులో ఎక్కువ శ్రద్ధ దానికే ఇచ్చేవారు. నేను పెరిగింది ఆ పని పక్కనే.

* * *

చిన్నప్పుడు నాకు మెలకువ వచ్చేది సానరాయి చప్పుడుకు. తాతయ్య వాకిట్లో గొంతుక్కూర్చుని, రాయి మీద నీళ్లు చిలకరించి, కొయ్య చెక్కే బాడిశ నూరేవారు. ఆ చప్పుడులో ఒక లయ ఉండేది. ముందుకు తోసినప్పుడు పొడుగ్గా, వెనక్కి తీసినప్పుడు పొట్టిగా. ఎన్నేళ్లు వాడారో గాని, ఆ రాయి నడుము అరిగిపోయి పడవలా అయింది.

నాన్నకు ఆ పల్లం నచ్చేది కాదు. రాయి పల్లమైతే కొయ్యను నునుపు చేసే చిత్రిక అంచు కూడా ఆ వంపే పట్టుకుంటుందనీ, పలక చదునుగా రాదనీ ఆయన వాదన. ఒకసారి అమలాపురం వెళ్లి కార్బొరండం రాయి కొనుక్కొచ్చారు. ఒక వైపు గరుకు, మరో వైపు నునుపు. తాతయ్య దాన్ని చేత్తో తిప్పి చూసి, ఏమీ అనకుండా తన రాయి దగ్గరికే వెళ్లిపోయారు. నాన్న కూడా ఏమీ అనలేదు. కొత్త రాయిని కొబ్బరినూనెలో కాస్త కిరసనాయిలు కలిపి తడిపి తన పని తాను చేసుకున్నారు. కొన్ని నెలల పాటు మా వాకిట్లో పొద్దున్నే రెండు రాళ్ల చప్పుడు వినిపించేది. ఒకటి నీళ్ల చప్పుడు, ఒకటి నూనె చప్పుడు.

తాతయ్యకు డిగ్రీలు తెలియవు. ఉలి రేకు మందం ఎంతో చూసుకుని, వాలు అంతకు రెండింతలకు పైన, రెండున్నరకు లోపల ఉండాలని మాత్రం తెలుసు. లెక్కల టీచరునయ్యాక ఒకరోజు బడిలో ఊరికే కూర్చుని ఆ లెక్క వేశాను. రెండింతలైతే 30 డిగ్రీలు, రెండున్నర ఇంతలైతే 23 డిగ్రీల పైచిలుకు. ఉలికి 25 డిగ్రీల వాలు, నూరేటప్పుడు అంచుకు 30 అని పుస్తకాలు చెప్పేది సరిగ్గా ఆ మధ్యనే ఉంది. ఆ రోజు ఆయన లేరు, చెబుదామంటే.

పదును చూడటానికి ఆయన బొటనవేలి గోరు మీద అంచును నెమ్మదిగా ఆనించేవారు. జారితే ఇంకా నూరాలి. గోటికి పట్టుకుని నిలబడితే సరే. అంచు వెనక వేలితో తడిమితే తగిలే సన్నటి గరుకును చివరికి అరచేతి తోలు మీద ఇటూ అటూ లాగి పోగొట్టేవారు. ఆయన అరచేయి నిజంగానే తోలు పటకాలా ఉండేది.

ఇంట్లోకి కరెంటు సాన వచ్చినప్పుడు ఒక దుర్ఘటన జరిగింది. నాన్న కొత్త ఉత్సాహంలో పెద్ద చిత్రిక బ్లేడును దాని మీద పెట్టారు. నిప్పురవ్వలు పూలు పూసినట్టు ఎగిరాయి. చూస్తుండగానే అంచు నెమలి మెడలా నీలంగా మారింది. నాకు అది ఎంతో అందంగా కనిపించింది. తాతయ్య మాత్రం ముఖం తిప్పుకున్నారు. ఆ బ్లేడు కమ్మరి చేత లారీ కమాను పట్టెతో కొట్టించింది. కమ్మరి దాన్ని ఎర్రగా కాల్చి ముంచి, మళ్లీ మెల్లగా వేడి చేసి, ఎండుగడ్డి రంగు రాగానే ఆపేస్తాడు. ఆ రంగులో ఉంది దాని ప్రాణం. నీలం దాకా వెళ్లిందంటే ఉక్కు మెత్తబడిపోయినట్టే. నాన్న ఆ నీలం అంతా పోయేదాకా, నాలుగు మిల్లీమీటర్లు, చేత్తోనే అరగదీశారు. రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత సాన పక్కన ఎప్పుడూ ఒక నీళ్ల ముంత ఉండేది. రెండు సార్లు ఆనించడం, ఒకసారి ముంచడం. ముంతలో చుయ్ మనే ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

* * *

రంపం పదును పెట్టడం నా పని. ఆడపిల్లకు ఇదేమి పని అని ఇరుగుపొరుగు అన్నారు గాని, నాన్న వినలేదు. "దీనికి బలం అక్కర్లేదు, చూపు కావాలి. అమ్మాయి చూపు మంచిది" అనేవారు.

రెండు పలకల మధ్య రంపం రేకును బిగిస్తారు, పళ్లు మాత్రం పైకి కనిపించేలా. ముందు చదునైన ఆకురాయిని పళ్ల కొసల మీద ఒకసారి పొడుగునా నడపాలి. అప్పుడు ప్రతి పంటి కొసన ఒక మెరుపు చుక్క పుడుతుంది. అరిగిన పంటికి చిన్న చుక్క, అరగని దానికి పెద్ద చుక్క. తర్వాత మూడు పలకల ఆకురాయితో పళ్ల సందులు రాయాలి, ఆ చుక్క మాయమయ్యేదాకా. మాయమైన తర్వాత ఒక్క రాపిడి కూడా ఎక్కువ పడకూడదు. ఒక పన్ను వదిలి ఒక పన్ను ఈ వైపు నుంచి, ఆ తర్వాత రంపం తిప్పి మిగిలినవి ఆ వైపు నుంచి. ఆకురాయిని ముందుకు తోసేటప్పుడే నొక్కాలి. వెనక్కి లాగేటప్పుడు తాకనివ్వకూడదు. తాకిందంటే కీచుమంటుంది. ఆ కీచు వినగానే నాన్న ఎక్కడున్నా "తల్లీ, ఎత్తు" అని కేకవేసేవారు.

తర్వాత పళ్లను ఒకదాన్ని కుడికి, ఒకదాన్ని ఎడమకి కొద్దిగా వంచాలి. అప్పుడే కోత రేకు మందం కన్నా వెడల్పుగా పడి, రంపం కొయ్యలో పట్టేయకుండా నడుస్తుంది. పచ్చి మామిడికి వంపు ఎక్కువ కావాలి. ఎండిన టేకుకు కాస్తంత చాలు.

తాతయ్య రంపం తన వైపు లాగితే కోసేది. నాన్న కొన్న రంపం తోస్తే కోసేది. రెండింటి పళ్లూ ఎదురెదురు దిక్కులకు చూస్తాయి. పొరపాటున ఒకరిది ఒకరు పట్టుకుంటే ఇద్దరికీ చికాకు. నేను రెండూ రాసేదాన్ని గనుక, రంపం ముట్టుకోగానే అది ఎవరిదో కళ్లు మూసుకుని చెప్పగలిగేదాన్ని.

మా ఇంట్లో అమావాస్య నాడు పని ముట్టరు. అందుకని దానికి ముందు రోజు సాయంత్రం బాగోగులు చూసుకునే వేళ. సానరాయిని సిమెంటు గట్టు మీద ఇసుక, నీళ్లు పోసి రుద్ది మట్టం చేయడం, బాడిశ పిడి వదులైతే చీలిక దిగ్గొట్టడం, రంధ్రాలు చేసే బరమా విల్లుకు తోలు తాడు మార్చడం. బరమా తల మీద బోర్లించి నొక్కే కొబ్బరి చిప్ప లోపల ఒక చుక్క ఆముదం వేయాలి. వేయకపోతే అది తిరిగేటప్పుడు చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. చిప్ప పట్టుకునేది అన్నయ్య, విల్లు లాగేది నాన్న. దసరా ముందు రోజైతే ఇదంతా ఇంటిల్లిపాదీ చేసే పని. పనిముట్లన్నీ చాప మీద వరసగా పరిచి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు వేసేవాళ్లం. మూలలు సరిచూసే మూలమట్టానికి కూడా బొట్టు పెట్టేదాన్ని.

* * *

1986 ఆగస్టులో గోదావరి మా ఇంట్లోకి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిందని తర్వాత పెద్దవాళ్లు చెప్పుకునేవారు. నాకు తెలిసింది మాత్రం, అర్ధరాత్రి నాన్న నన్ను భుజాన వేసుకుని ఏటిగట్టు మీదికి పరుగెత్తడం. బియ్యం, పత్రాలు, పిల్లలు. అంతవరకే చేతులు సరిపోయాయి. పనిముట్ల పెట్టె ఇంట్లోనే ఉండిపోయింది.

నీళ్లు తీశాక వెళ్లి చూస్తే సావిడిలో మోకాటి లోతు ఒండ్రు. పెట్టె మూత తెరిస్తే లోపల కూడా ఒండ్రే. ఒక్కొక్కటీ తీసి బయట పెడుతుంటే ఇనుమంతా ఒకే గోధుమ రంగు. ఉలి ఏదో, ఆకురాయి ఏదో తెలియలేదు. తాతయ్య అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. ఆయన ముఖం వైపు చూడటానికి నాకు భయం వేసింది.

నాన్న కిరసనాయిలు తెచ్చి వెడల్పాటి మూకుడులో పోశారు. ఇనుము ముక్కలన్నీ రాత్రంతా అందులో నానాయి. మర్నాటి నుంచి కొబ్బరి పీచు, ఇటుక పొడి. పిల్లలం, పెద్దలం అందరం రుద్దాం. వేళ్ల సందుల్లో ఎర్రటి బురద పది రోజుల దాకా పోలేదు. కొన్ని ఆకురాళ్లు పళ్లు తినేసి పనికిరాకుండా పోయాయి. వాటిని నాన్న పారేయలేదు. కమ్మరి కొలిమికి తీసుకెళ్లి సన్న ఉలులు చేయించారు. నేను ఇప్పుడు చేతిలో పట్టుకున్న పావు అంగుళం ఉలి అలా పుట్టిందే. పిడికి కాస్త పైన, ఇనుము మీద చూస్తే ఆకురాయి గీతలు ఇంకా కనిపిస్తున్నాయి.

కొయ్యతో చేసిన చిత్రికలు నీళ్లు తాగి ఉబ్బిపోయాయి. అన్నయ్య ఒకదాన్ని ఎండలో పెట్టాడు. మధ్యాహ్నానికల్లా టప్ మని నిలువునా పగిలింది. అది తాతయ్య పెద్ద చిత్రిక. మిగిలినవాటిని నాన్న నీడలో, ఎండుగడ్డి కింద, నెల రోజులకు పైగా ఆరబెట్టారు. రోజూ సాయంత్రం గడ్డి ఎత్తి తిప్పి పెట్టేవారు, పసిపిల్లలను పక్క తిప్పినట్టు.

పగిలిన దానికి నల్లతుమ్మతో కొత్త ఒళ్లు చేశారు. బ్లేడు పాతదే. తాతయ్య చేతికి అలవాటైన చోట పట్టు ఎక్కడ ఉండేదో, పాత ముక్కను పక్కన పెట్టుకుని వేలితో తడిమి తడిమి, అదే చోట అదే పల్లం చెక్కారు. ఇస్తే తాతయ్య తీసుకుని, పలక మీద ఒక్కసారి పొడుగునా తోశారు. పొర తెగకుండా ఈ చివర నుంచి ఆ చివరకు వచ్చింది. దాన్ని ఎత్తి వెలుతురుకు పట్టి చూశారు. అవతల ఉన్న నాన్న ముఖం అందులోంచి నాకు కనిపించింది. "ఈ రాయి బాగానే పట్టిందిరా" అన్నారు తాతయ్య. కార్బొరండం రాయి గురించి ఆయన అన్న మొదటి మాట అది.

* * *

యంత్రం వచ్చేనాటికి తాతయ్య లేరు. రాజమండ్రిలో ఎవరో వాడి అమ్మేసిన పోత ఇనుము చిత్రిక మిషను, పక్కనే గుండ్రటి రంపం తగిలించుకునే ఏర్పాటుతో. ఎనిమిది మంది లారీ మీద నుంచి దింపారు. 2 హార్స్ పవర్ మోటారు, నిమిషానికి 1440 తిరుగుళ్లు. నాన్న నన్ను పిలిచి కాగితం ఇచ్చి, "మోటారు మీద చక్రం 6 అంగుళాలు, బ్లేడ్లు ఉండే కడ్డీ మీద చక్రం 2 అంగుళాలు. అది ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పు" అన్నారు. 4320 అని చెప్పాను. నిష్పత్తి అంటే ఏమిటో నాకు పుస్తకంలో కాదు, ఆ బెల్టు మీద అర్థమైంది. ఇప్పటికీ ఏడో తరగతి పిల్లలకు నిష్పత్తి చెప్పేటప్పుడు బల్ల మీద రెండు చక్రాలు గీసే మొదలుపెడతాను.

దాని బ్లేడ్లు బిగించడం ఒక తపస్సు. కడ్డీలో రెండు బ్లేడ్లు ఉంటాయి, రెండూ వెంట్రుక వాసి తేడా లేకుండా ఒకే ఎత్తులో ఉండాలి. నాన్నకు కొలత పరికరాలు లేవు. నా బడి స్కేలు అడిగారు, చెక్కది. దాన్ని వెనక బల్ల మీద ఆనించి, కడ్డీని చేత్తో మెల్లగా తిప్పేవారు. బ్లేడు అంచు స్కేలుకు తగిలి, దాన్ని కాస్త ముందుకు ఈడ్చి వదిలేస్తుంది. ఎంత ఈడ్చిందో పెన్సిల్‌తో గీత పెట్టాలి. 3 మిల్లీమీటర్లు అనుకుంటే రెండు బ్లేడ్లూ, రెండు చివరలా, 3 మిల్లీమీటర్లే ఈడ్చాలి. ఒకటి 3, ఒకటి 4 ఈడిస్తే మర విప్పి మళ్లీ మొదలు. ఒక్కోసారి మధ్యాహ్నం భోజనం చల్లారిపోయేది. ఆ స్కేలు నాకు తిరిగి ఇవ్వలేదు, కొత్తది కొనిచ్చారు. మొన్న సావిడిలో మేకుకు వేలాడుతూ కనిపించింది, అంచంతా పెన్సిల్ గీతలతో.

మిషను వచ్చాక పొట్టుకు లోటు లేదు. అమ్మ నూనె డబ్బా నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు దట్టించి, సీసా జాగ్రత్తగా లాగేసి, ఆ బొరియలో మంట పెట్టేది. ఆ పొట్టు పొయ్యి పొగ లేకుండా గంటల తరబడి కణకణలాడేది. వేడినీళ్లు, పప్పు, జావ అన్నీ దాని మీదే. అయితే ఆ పొట్టే ఆరేసిన బట్టల మీద కూడా వాలేది. అమ్మ గొడవ భరించలేక నాన్న మిషను కింద రేకుతో ఒక గరాటు చేయించి గోనెసంచీ కట్టారు.

* * *

నాన్న కుడిచేతి చూపుడువేలికి కొస లేదు. అది ఆ మిషను తీసుకుంది.

మాకు అప్పట్లో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలియదు. పని మధ్యలో పోయింది. నాన్న స్విచ్చి ఆపడం మరిచి, బ్లేడ్ల దగ్గర ఇరుక్కున్న పేళ్లు తీయడానికి వంగారు. అప్పుడే కరెంటు వచ్చింది. నేను వాకిట్లో ఉన్నాను. మోటారు లేచిన చప్పుడు, వెంటనే నాన్న "అమ్మా" అన్న మాట. గట్టిగా కూడా అనలేదు.

గాయం మానిన తర్వాత ఆయన మొదట చేసిన పని కొయ్య ముట్టుకోవడం కాదు. పొలాల్లో మోటార్లకు పెట్టే స్టార్టరు ఒకటి కొనుక్కొచ్చి గోడకు బిగించారు. పచ్చ బొత్తాం, ఎర్ర బొత్తాం. కరెంటు పోతే అది తనంతట తాను విడిపోతుంది. తిరిగి వచ్చినా, పచ్చ బొత్తాం నొక్కితే తప్ప మోటారు కదలదు. బ్లేడ్ల మీద టేకు చెక్కతో మూత చేశారు, పలక వెళ్లినంత మేరే తెరుచుకుని, వెళ్లగానే మూసుకునేలా. చిన్న ముక్కలను చేత్తో తోయకుండా పక్షి తోక ఆకారంలో తోపుడు కర్రలు చేసి, ఆరు, గోడకు తగిలించారు. సావిడికి పనికి వచ్చిన ప్రతి కుర్రవాడికీ ముందు తన వేలు చూపించి, తర్వాత స్టార్టరు చూపించేవారు. ఆ మిషను అమ్మినవాళ్లు ఇవేవీ ఇవ్వలేదు. ఇచ్చి ఉండాల్సింది. ఇప్పుడు ఎవరైనా ఇంట్లో పెట్టుకోవడానికి ఇలాంటి యంత్రం కొంటున్నామని చెబితే, ఎన్ని బ్లేడ్లు, ఎంత పవరు అని అడగను. కరెంటు పోయి వస్తే ఏమవుతుందని అడుగుతాను.

* * *

మోటారు కడ్డీ సులువుగా తిరగడానికి తొడిగే గుండ్ల చట్రాలు బేరింగులు. వాటి నంబర్లు నాకు ఎక్కాల్లా వచ్చేవి. చివరి రెండు అంకెలు 04 గానీ అంతకు పైన గానీ ఉంటే, వాటిని 5తో గుణిస్తే లోపలి రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో తెలుస్తుంది. 6204 అయితే 20, 6205 అయితే 25, 6206 అయితే 30. ఇది చెప్పినప్పుడు నాన్న కళ్లు మెరిశాయి, తన రహస్యం ఒకటి నాకు రాసిచ్చినట్టు.

బేరింగు పాడవుతోందని ఆయనకు అందరికన్నా ముందు తెలిసేది. అర గజం పొడుగున్న టేకు కర్ర ఒకటి ఉండేది. దాని ఒక కొసను మోటారు మీద, బేరింగు ఉన్న చోట ఆనించి, రెండో కొసను చెవికి ఆనించుకునేవారు. కళ్లు మూసుకునేవారు. మంచి బేరింగు నిండు కుండలో నీళ్లు పోస్తున్నట్టు ఒకే ధారగా వినిపిస్తుంది. గ్రీజు ఎండితే ఇసుక జారుతున్నట్టు. గుండ్లు దెబ్బతింటే మూకుడులో గింజలు వేగుతున్నట్టు. నా చెవికి ఆనించి, "ఇప్పుడు ఏమి వినిపిస్తోంది?" అని అడిగేవారు. మొదట్లో హోరు తప్ప ఏమీ తెలిసేది కాదు. వినగా వినగా తెలిసింది.

కొత్త బేరింగును కడ్డీ మీదికి సుత్తితో కొట్టి ఎక్కించేవారిని ఆయన క్షమించేవారు కాదు. కొట్టిన దెబ్బ గుండ్ల మీద పడుతుంది, ఎక్కించకముందే సగం ఆయుష్షు పోతుంది. నూనెలో వేడి చేస్తే అది కాస్త వ్యాకోచించి, కడ్డీ మీదికి తనంతట తాను జారుతుంది. అందుకు ఒకరోజు అమ్మ ఊళ్లో లేనప్పుడు పులుసు గిన్నె తీసుకుని, పొట్టు పొయ్యి మీద నూనె కాచి, బేరింగు అందులో వేశారు. అమ్మ తిరిగొచ్చి గిన్నె చూసి మూడు రోజులు మాట్లాడలేదు. ఆ గిన్నె ఆ తర్వాత వంటింట్లోకి రాలేదు.

* * *

1996 నవంబరు తుఫాను మా కొబ్బరితోటలను పడుకోబెట్టేసింది. ఆ రాత్రి గురించి రాయలేను. తెల్లారాక ఎటు చూసినా నేలమీద చెట్లు. పనసలు, మామిళ్లు, పెద్దలు నాటిన టేకులు వేళ్లతో సహా లేచిపోయాయి. ఊళ్లో సగం ఇళ్లకు కప్పు లేదు, తలుపులు లేవు. కరెంటు స్తంభాలు వరిచేలల్లో పడి ఉన్నాయి. వారాలు గడిచినా కరెంటు రాలేదు.

నాన్న మిషను మీద టార్పాలిన్ కప్పి, అటక ఎక్కారు. తాతయ్య పెట్టె దించారు. మిషను వచ్చాక ఆ పెట్టెతో పని తక్కువ. అయినా ప్రతి అమావాస్య ముందు రోజూ దాన్ని దించి, తుడిచి, నూనె రాసి, కర్పూరం మార్చి మళ్లీ ఎక్కించేవారు. వాడని వాటికి ఇంత సేవ ఎందుకని అన్నయ్య అడిగేవాడు. ఆ రోజు పెట్టె తెరిస్తే లోపల ఉన్నవన్నీ నిన్న సాయంత్రం నూరి పెట్టినట్టున్నాయి.

పగలంతా నాన్న, అన్నయ్య పెద్ద రంపం చెరో చివర పట్టుకుని మానులు కోసేవారు. రాత్రి లాంతరు వెలుగులో నేను పళ్లు రాసేదాన్ని. పచ్చి మాను కదా, వంపు ఎక్కువ పెట్టాలి. పళ్లలో చిక్కుకున్న జిగురును కిరసనాయిలుతో కడిగి, మెరుపు చుక్కలు వెతుక్కుంటూ. కాలేజీలో చదువుతున్న రోజులవి, పరీక్షల ముందు కూడా అంత ఏకాగ్రతతో కూర్చోలేదు. ఒక రాత్రి నాన్న వచ్చి పక్కన కూర్చుని, నేను రాసిన రంపం పళ్ల మీద అరచేయి ఆనించి, మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు జరిపారు. ఏమీ అనలేదు. లాంతరు వత్తి కొంచెం పైకి ఎత్తి వెళ్లిపోయారు.

* * *

తర్వాతి కాలం గురించి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. ప్లైవుడ్ వచ్చింది. దానిలోని జిగురు మామూలు ఉక్కు పళ్లను పూటలో మొద్దుబారిస్తే, నాన్న ఉక్కు కన్నా గట్టిదైన కార్బైడ్ పళ్ల రంపానికి మారారు. దాన్ని ఇంట్లో ఆకురాయితో రాయలేం, పట్నం పంపాలి. ఆ రోజు నుంచి ఆయనకు ఆ పని మీద కాస్త మనసు తగ్గిందని నాకు అనిపిస్తుంది. ఆ తర్వాత ప్లాస్టిక్ తలుపులు, ఇనుప తలుపులు. చివరి ఏళ్లలో సావిడిలో పీటలు, కవ్వాలు, మనవలకు బొమ్మలు చేస్తూ గడిపారు. నేను హైదరాబాద్ నుంచి వజ్రపు పొడి అతికించిన సానపలక కొనిచ్చాను. రాయిలా అది పల్లం పడదు. నాన్న దాని మీద స్కేలు నిలబెట్టి, సందులోంచి వెలుతురు వస్తుందేమోనని కిందకి వంగి చూశారు. రాలేదు. "మీ తాతయ్య ఉంటే దీన్నీ తిప్పి చూసి పక్కన పెట్టేవారు" అని నవ్వారు.

మొన్న పాత ఇనుము కొనేవాడు వచ్చి మిషనుకు కిలోల లెక్కన ధర చెప్పి వెళ్లాడట. అన్నయ్య ఇంకా ఏమీ చెప్పలేదు. వాడి కొబ్బరి వ్యాపారం వాడిది, సావిడి జాగా కావాలి, నాకు అర్థమవుతుంది. "ఒక్క రోజు ఆగు" అన్నాను.

ముందు చేతి పనిముట్లు. వజ్రపు పలక మీద తాతయ్య పెద్ద చిత్రిక బ్లేడు నూరాను. తుప్పు మచ్చలు నాలుగు ఉన్నాయి, అంతే. తర్వాత మిషను మీద దుమ్ము దులిపాను. బల్ల మీద పట్టిన సన్న తుప్పును కిరసనాయిలు, పీచుతో రుద్దాను. బెల్టు పగుళ్లిచ్చింది, తీసేశాను. పచ్చ బొత్తాం నొక్కితే మోటారు మూలిగింది గాని తిరగలేదు. వెంటనే ఆపేశాను. ఇలా మూలిగితే బెల్టు లాగి తిప్పి లేపుతారు కొందరు, నాన్న దగ్గర ఆ పని నిషేధం. మోటారును లేపే కండెన్సర్ పోయి ఉంటుంది. అన్నయ్య ఏమీ అనకుండా బండి తీసి, అమలాపురం వెళ్లి అదే కొలతది తెచ్చాడు. ఇద్దరం కలిసి మార్చాం.

మళ్లీ నొక్కాను. ఈసారి లేచింది. సావిడి అంతా ఆ హోరుతో నిండింది. అన్నయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు, కళ్లు తుడుచుకోవడం నాకు కనిపించకూడదని అటు తిరిగాడు.

టేకు కర్ర స్టార్టరు పక్కన దాని మేకుకే ఉంది. ఒక కొసన నాన్న చెవి ఆనిన చోట నునుపు, రెండో కొసన గ్రీజు మరక. తీసి మోటారు వెనక వైపు ఆనించి విన్నాను. నిండు కుండలో నీళ్ల ధార. ముందు వైపు, చక్రం ఉన్న చోట ఆనించాను. గింజలు వేగుతున్నాయి.

"6205 కావాలి అన్నయ్యా. రేపు మళ్లీ వెళ్లాలి" అన్నాను మోటారు ఆపి.

వెనక గుమ్మంలో అమ్మ ఎప్పుడు వచ్చి నిలబడిందో. కొంత సేపు మిషను వైపు చూసింది.

"ఆ పులుసు గిన్నె అటక మీద ఉంది. దించనా?" అంది.